కాలిన గడ్డి మీద పసుపు గీత

కాలిన గడ్డి మీద టేట్ హాలిస్ పసుపు గీత గీస్తుంటే మేమంతా చూశాం.

పట్టపగలే గీశాడు. దాక్కోలేదు. రంగు డబ్బాను తలకిందులుగా పట్టుకుని, రోడ్డు అంచు నుంచి ఆ ఇంటి ఉత్తరాల పెట్టె దాకా తీరిగ్గా నడిచాడు. డబ్బా బుస్సుమంటూ ఉంది. ముందురోజు మంట తిన్న గడ్డి అతని బూట్ల కింద పెళపెళలాడింది. ఆ నలుపు మీద పసుపు తడితడిగా మెరిసింది.

మా కొండల్లో నేల తవ్వి బతికేవాళ్లకి రంగులు చెప్పనక్కర్లేదు. ఎరుపంటే కింద కరెంటు తీగ. నీలమంటే నీళ్లు. పసుపంటే గ్యాస్. తవ్వబోయే ముందు కబురు పెడితే రంగులవాడు వచ్చి నేల మీద గీతలు గీసి పోతాడు. మా చేతికి తెల్ల రంగు ఒక్కటే ఇస్తారు, ఎక్కడ తవ్వబోతున్నామో చూపించడానికి. పసుపు డబ్బా మా దగ్గర ఉండకూడదు. టేట్ దగ్గరా ఉండకూడదు. అతను కంపెనీ సూపర్‌వైజరు.

ఆ గీత మంటకు ముందుదే అయితే గడ్డితో పాటు కాలిపోవాలి. ఇది బూడిద మీద ఉంది. గీయడం అయ్యాక టేట్ డబ్బాను కాలవలోకి విసిరేసి, వేలికి అంటిన పసుపును ప్యాంటుకి తుడుచుకున్నాడు.

తర్వాత పోలీసు డిప్యూటీ రాయిస్ వచ్చాడు.

"గీత ఉందిగా," అన్నాడు రాయిస్.

"ముందు నుంచీ ఉంది," అన్నాడు టేట్. "ఓర్లిన్ చూసుకోకుండా బండి ఎక్కించేశాడు. నేనేం చెయ్యను? బండి అతనిది. అతనే ఓనరు."

రాయిస్ మావైపు తిరిగాడు. "మీరేమంటారు?"

క్లెల్ వాండివర్ తన టోపీ లోపల ఏదో రాసి ఉన్నట్టు దానిలోకే చూస్తున్నాడు. నేను ఒక గడ్డిపరక మీంచి రంగు జారి చుక్కగా కింద పడటం చూశాను. ఆ చుక్క పడినంతసేపట్లో చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

ఓర్లిన్ స్టెగాల్ బండిని సాక్ష్యం కింద పోలీసు లారీ మీదికి ఎక్కించారు. చిన్న బండి. రబ్బరు పట్టాల మీద నడుస్తుంది. కూర్చునే సీటు ఉండదు, వెనకాల ఒక మెట్టు ఉంటుంది, దాని మీద నిలబడి నడపాలి. ముందు బకెట్ తగిలిస్తే మట్టి ఎత్తుతుంది, పళ్ల గొలుసు తగిలిస్తే కందకం కోస్తుంది. మామూలు పెరటి గుమ్మంలోంచి దూరిపోతుంది. ఓర్లిన్ బండి మెట్టు మీద రబ్బరు అరిగి, అతని రెండు పాదాల ఆకారం పడిపోయి ఉంది. లారీ కదులుతుంటే ఆ పాదాలు మావైపే ఉన్నాయి.

మిస్సోరీ కొండల్లో ప్రతి ఇంటికీ ఇంటర్నెట్ తీగ వేసే పని అది. కంపెనీకి అక్కడ ఒక్క బండి కూడా లేదు. బండ్లన్నీ మావి. సరైన ఇల్లు ఉన్నా లేకపోయినా ఒక్కొక్కరికి ఒక బండి, దాన్ని లాగే ట్రైలరు ఉన్నాయి. అందుకని మమ్మల్ని పనివాళ్లని అనరు. "ఏం ఓనరూ, ఎలా ఉన్నావ్?" అని టేట్ పొద్దున్నే భుజం తట్టేవాడు. మాకది బాగానే ఉండేది. కోళ్ల ఫ్యాక్టరీలోనో, రంపం మిల్లులోనో ఒకడి కింద తల వంచి వచ్చినవాళ్లం. మా బండి మాది, మా టైము మాది అనుకున్నాం. బండి వల్ల జరిగే నష్టం కూడా మాదే అని మాకు తెలియక కాదు. అది మనదాకా రాదులే అనుకున్నాం.

ముందురోజు జరిగింది ఇది. అంతకుముందు రెండు పెద్ద వానలు పడ్డాయి. ఆ రోడ్డు మీద రంగులన్నీ కొట్టుకుపోయాయి. ఓర్లిన్ బండి ఆపి దిగాడు. ఈ బండితో ఉన్న సుఖం అదే, ఒక్క అడుగు వెనక్కి వేస్తే నేల మీద ఉంటాం, చేతులు వదిలితే బండి ఆగిపోతుంది.

"రంగులవాడిని మళ్లీ పిలిపించు టేట్," అన్నాడు. "ఇక్కడెక్కడో గ్యాస్ ఉంది. పోయినసారి చూశాను."

"ఎక్కడుందో గుర్తుందా?"

"గుర్తుంటే నిన్నెందుకు అడుగుతాను?"

"సాయంత్రానికి ఈ రోడ్డు అయిపోవాలి."

"అయితే పారతో తవ్వుకుంటూ పోతాను. పైపు కంటికి కనపడ్డాక బండి పెడతాను." ఓర్లిన్ పార తీశాడు. మా అందరి పద్ధతీ అదే. గీత ఉన్నా సరే, గీత దగ్గర బండి దిగి, పైపు కళ్ల పడేదాకా చేత్తో తవ్వుతాం. మాకు నేర్పినవాళ్లూ అలాగే చేశారు.

టేట్ అతని చేతిలోంచి పార తీసుకుని తన పికప్ ట్రక్కులో పడేశాడు. కోపంగా కాదు, నవ్వుతూనే. "నీ ఇష్టం ఓనరూ. నిన్ను బలవంతం చెయ్యడానికి నేనెవర్ని? నువ్వు వద్దంటే పక్కన ఇంకో ఓనరు ఉన్నాడు."

ఓర్లిన్ మావైపు చూశాడు. మేం మా బండ్ల మీదే నిలబడి ఉన్నాం. అతను మెట్టెక్కాడు.

గొలుసు పళ్లు గ్యాస్ పైపుని కోశాయి. మెట్టు వెనక ఉండబట్టి ఓర్లిన్ అక్కడికక్కడే పోలేదు. మంట అతన్ని వెనక్కి విసిరేసింది. ఒంటి ముందువైపంతా కాలింది. ఊళ్లో స్వచ్ఛందంగా మంటలార్పే దళంలో అతనూ ఒకడు. అతన్ని ఆర్పింది అతని స్నేహితులే.

మర్నాడు టేట్ గీత గీసిన తర్వాత ఓర్లిన్ వదిలిన రోడ్డు క్లెల్‌కి ఇచ్చాడు. క్లెల్ తవ్వాడు.

*

శనివారం పొద్దున దాణా కొట్టు అరుగు మీద కూర్చుంటాం మేం. రేకు కాగితంలో చుట్టిన, మాంసం ముక్క పెట్టిన మెత్తటి బిస్కెట్ రొట్టెలు, కాఫీ. ఆ శనివారం ఓర్లిన్ భార్య నెట్టీ వచ్చింది. బడి వంటింట్లో పని చేస్తుంది. ఆ ఆప్రాన్‌తోనే పెద్దాసుపత్రి నుంచి అంతదూరం పికప్ తోలుకుంటూ వచ్చింది.

"కూర్చోమ్మా నెట్టీ," అన్నాడు క్లెల్, దాణా బస్తా జరిపి.

"కూర్చోడానికి రాలేదు."

"ఎలా ఉన్నాడు?"

"గొంతులో గొట్టం పెట్టారు. మాట లేదు. కళ్లతో అడుగుతున్నాడు. గీత చూసుకోకుండా దాటించాడని ఊరంతా అంటోందిగా, ఆ మాట నర్సులు చెప్పుకుంటుంటే విన్నాడు." ఆమె ఆప్రాన్ అంచుతో చెయ్యి తుడుచుకుంది. తడి ఏమీ లేదు. "మా పెరట్లో గులాబీ మొక్క నాటుతానంటే రంగులవాణ్ణి పిలిపించిన మనిషి. నేను నవ్వితే, నవ్వవే, నీ గులాబీ కోసం ఇల్లు పేలిపోవాలా అన్నాడు. అలాంటాయన్ని..."

మాలో ఒకరిద్దరు నవ్వబోయి ఆగారు. అతను మా అందరి పెరళ్లలోనూ అంతే.

"టేట్ గీస్తుంటే మీరు చూశారంటగా," అంది. "చూసింది చెప్పండి. నాకింకేం వద్దు. ఆయన చెవిన ఆ ఒక్క మాట వెయ్యాలి."

వాండా రోర్క్ జేబులోంచి ఫోను తీసింది. మాలో ఆడమనిషి ఆమె ఒక్కతే, కోళ్ల ఫ్యాక్టరీ మానేసి బండి కొనుక్కుంది. "నేను ఫోటో తీశా నెట్టీ. రాయిస్‌కి చూపించా. గీత ఉంది, కాలిన గడ్డి ఉంది, ఏది ముందో ఏది వెనకో ఫోటో చెప్పదు అన్నాడు. నీ ఒక్కదాని మాట చాలదు, చూసినోళ్లందరూ వచ్చి చెప్పాలి అన్నాడు."

"చెప్తే ఏమవుద్ది?" అన్నాడు క్లెల్. "టేట్ కాదంటాడు. టేట్ వెనకాల కంపెనీ, కంపెనీ వెనకాల వకీళ్లు. మన వెనకాల ఏముంది? ట్రైలరు."

"నీ వెనకాల ఓర్లిన్ రోడ్డు కూడా ఉంది కదరా," అంది వాండా. "మంట చల్లారకుండానే దూకావు."

"నేను కాకపోతే ఇంకోడు తవ్వేవాడు!"

"ఆ మాటే టేట్ ఓర్లిన్‌తో అన్నాడు. ఇప్పుడు నువ్వంటున్నావు. ఇంక ఆ సూపర్‌వైజరెందుకు, వాడి పని నువ్వే చేసిపెడుతున్నావుగా?"

క్లెల్ బిస్కెట్‌ని కింద పెట్టాడు. "నీకేం వాండా, ఒంటిదానివి. నాకు ఇంటినిండా నోళ్లున్నాయి."

"నాకున్న నోరు ఒకటే, అందుకే వాడుతున్నా." ఆమె గొంతు మారింది. "ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు సూపర్‌వైజర్ని తిట్టుకోడానికి అటొకరు ఇటొకరు ఉండేవాళ్లు. తిట్టుకుని తిట్టుకుని ఒకరోజు అందరం కత్తులు కింద పెట్టేశాం. కోళ్లు అలా వేలాడుతూ ఆగిపోయాయి. ఇప్పుడు నేనే యజమానిని, నేనే కూలిని. ఎవర్ని తిట్టను? దేన్ని ఆపను?"

నెట్టీ మా ముఖాలు ఒక్కొక్కటీ చూసింది. నేను మాట్లాడే మనిషిని కాను. ఆ రోజూ మాట్లాడలేదు. ఆమె వెళ్లిపోయింది. కాఫీలు చల్లారాయి.

ఆమె పికప్ మలుపు తిరిగాక వాండా అంది, "చెప్పడానికి భయం. సరే. దిగడానికేం భయం?"

"ఏంటి దిగేది?"

"సోమవారం నుంచి ఒక్కడు కూడా పార లేకుండా రంగు దాటకూడదు. రంగు చెరిగిపోయిన చోట మళ్లీ గీసేదాకా బండి ఎక్కకూడదు. మనమేం కొత్తగా చెయ్యం. మన పద్ధతే. ఓర్లిన్ ఒక్కడే దిగాడు, మనం పైనుంచి చూశాం. ఈసారి అందరం దిగుదాం."

సంతకాల్లేవు, ప్రమాణాల్లేవు. సోమవారం క్లెల్ కూడా దిగాడు.

*

కొండ వాలు పొడుగునా ఇంజన్లు ఆగిపోయాయి. పారలు రాళ్లకు తగిలిన చప్పుడు తప్ప ఏమీ లేదు. మా నేల అంతా చెకుముకి రాళ్లు. చేత్తో తవ్వితే ఎంత ముందుకు పోతుందో అంతే పోయింది.

టేట్ పికప్ కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఏంటి ఓనర్లూ, బంగాళాదుంపలు తవ్వుతున్నారా?"

"అవును," అంది వాండా. "నీకు వేపుడు పెడదామని."

మేం నవ్వాం. ఓర్లిన్ కాలిపోయాక అదే మొదటిసారి. అలా కొన్నాళ్లు జరిగింది. నేను నిజం చెప్తాను, ఆ కొన్నాళ్లు మాకు బలం ఉందనిపించింది. మధ్యాహ్నం డబ్బాలు విప్పి పక్కపక్కన కూర్చునేవాళ్లం. అంతకుముందు ఎవడి పికప్‌లో వాడు తినేవాడు.

ఒక పొద్దున టేట్ భుజం తట్టలేదు. "మీ బండ్లు మీవి," అన్నాడు. "ఇళ్లకి తోలుకుపొండి. నేను ఉద్యోగాలు తీసేశానని ఎవరూ అనొద్దు. ఉద్యోగం ఉంటే కదా తీసేది."

అంతే. సమ్మె అనడానికి మేం పనివాళ్లం కాదు. యూనియన్ అనడానికి మేం ఓనర్లం. అరవడానికి ఆ ఖాళీ రోడ్డు తప్ప ఎదురుగా ఎవరూ లేరు. బండ్లు ట్రైలర్ల మీదికి ఎక్కించుకుని వచ్చేశాం.

దక్షిణాన సరిహద్దు వైపు నుంచి వేరే మనుషులు వచ్చారు. వాళ్ల బండ్లూ మా బండ్లలాంటివే. వాళ్లూ ఓనర్లే. మోటెల్ ముందు పికప్ వెనక తలుపు దించి మాంసం కాల్చుకుని తినేవాళ్లు. వాళ్ల మేస్త్రీ యూసెబియో పెట్రోలు బంకులో ఎదురైతే క్లెల్ ఉమ్మేసి వచ్చాడు. నేను మాత్రం అతని చేతులు చూశాను. లివర్లు పట్టుకుని పట్టుకుని వేళ్ల కణుపులు మాలాగే వంకర తిరిగి ఉన్నాయి.

మాలో ఇద్దరు టేట్ దగ్గరికి తిరిగి వెళ్లారు. వాళ్లను నేను తిట్టలేను. టేట్ వాళ్లను కంపెనీ సామాను పెట్టే యార్డు గేటు దగ్గర నిలబెట్టి, లోపలికి రానివ్వకుండానే పంపేశాడు.

వానలు మళ్లీ పడ్డాయి. ఒకరోజు నేను ఓర్లిన్ కాలిన ఆ ఇంటి ముందు పికప్ ఆపాను. కాలిన చోట కొత్త గడ్డి మొలిచింది. బూడిద లేదు. గీత లేదు. మేం చూసింది ఇక మా కళ్లలో తప్ప ఎక్కడా మిగల్లేదు. మా కళ్లు నేల చూపులు చూస్తున్నాయి.

ఓర్లిన్ పోయాడు.

ఆ ఒక్క మాట అతని చెవిన పడకుండానే పోయాడు.

మా కొండల్లో ఇప్పుడు సమాధులు కూడా ఈ బండితోనే తవ్వుతారు. నేను ఎన్నో తవ్వాను. ఓర్లిన్‌కి మాత్రం బండి వద్దంది వాండా. పారలు చేతులు మారుతూ తవ్వాం. కంపెనీ పూలచక్రం పంపింది. నెట్టీ దాన్ని మోసుకెళ్లి శ్మశానం కంచెకి అవతల పెట్టి వచ్చింది. పెట్టెను దించుతుంటే రోడ్డు మీద ఒక పికప్ ఆగింది. యూసెబియో దిగి, టోపీ తీసి, మట్టి పోసేదాకా నిలబడి వెళ్లిపోయాడు. క్లెల్ అది చూశాడు. ఈసారి ఉమ్మలేదు.

రాయిస్ కూడా వచ్చాడు. అతను చెడ్డవాడేం కాదు. "చనిపోయినవాడి మీద కేసు ఉండదు నెట్టీ," అన్నాడు ఓదార్పుగా. "తవ్వినవాడిదే తప్పు అని రాసి మూసేస్తారు. ఇంక నిన్నెవరూ ఇబ్బంది పెట్టరు."

నెట్టీ అతని వైపు తిరిగింది. "మూసేస్తారా?" అంది.

*

మర్నాడు పొద్దున్నే మేం కంపెనీ యార్డు గేటు ఎదురుగా రోడ్డు మీద చేరాం. ఏం చెయ్యాలో తెలిసి కాదు. ఇంట్లో కూర్చోలేక. ఆ రోజు పని యార్డు ముందున్న రోడ్డులోనే. లోపల యూసెబియో మనుషులు బండ్లు స్టార్ట్ చేశారు. ట్రైలర్ల అవసరం లేదు, పట్టాల మీద నడుపుకుంటూ బయటికి రావడమే.

నెట్టీ వాండా పికప్‌లోంచి దిగింది. నిన్న శ్మశానంలో వేసుకున్న నల్ల చెప్పులే, మట్టి కూడా దులపలేదు. చేతిలో పసుపు రంగు డబ్బా. టేట్ కాలవలోకి విసిరిందే. వాండా ఆ రోజే తీసి సీటు కింద పెట్టిందట.

నెట్టీ డబ్బాను తలకిందులు చేసింది. గేటు స్తంభం దగ్గర వంగి, అవతలి స్తంభం దాకా నడిచింది. డబ్బా బుస్సుమంది. మొదట వంకరగా, తర్వాత తిన్నగా, గేటుకి అడ్డంగా పసుపు గీత పడింది.

టేట్ పరిగెత్తుకొచ్చాడు. "ఏయ్! అక్కడ గ్యాస్ లేదు! ఏమీ లేదు అక్కడ!"

"గీత ఉందిగా," అంది నెట్టీ.

ముందు బండి యూసెబియోది. గీత దాకా వచ్చి ఆగింది. అతను గీత చూశాడు. టేట్‌ని చూశాడు. నల్ల చెప్పుల ఆమెను చూశాడు. అతనికి మా భాష కొద్దిగానే వచ్చు.

"నడుపు!" అని టేట్ చెయ్యి ఊపాడు. "దొంగ గీత అది. నడుపు ఓనరూ!"

"పసుపు," అన్నాడు యూసెబియో. ఒక్క అడుగు వెనక్కి వేసి నేల మీదికి దిగాడు. బండి పక్కన కట్టిన పార విప్పి, గీత అంచున కంకర్లోకి దించాడు. వెనకాల బండ్లు ఒకటొకటిగా ఆగాయి. మనుషులు దిగారు.

ఎక్కడి మనుషులో వాళ్లు. మా పద్ధతే వాళ్లదీ.

రాయిస్ కారు వచ్చేసరికి గీత పొడుగునా వాళ్లు తవ్వుతున్నారు. టేట్ అరుస్తున్నాడు. రాయిస్ తల గోక్కున్నాడు. "నెట్టీ, ఇది నువ్వే గీశావా?"

"నేనే."

"కింద గ్యాస్ ఉందా?"

"లేదు."

"దొంగ గీత గియ్యడం నేరం తల్లీ. నిన్ను తీసుకెళ్లక తప్పదు నాకు."

"దొంగ గీత నేరమా రాయిస్?"

"నేరమే."

"గట్టిగా చెప్పు. వీళ్లకి వినపడాలి."

రాయిస్‌కి అప్పుడు అర్థమైంది. మావైపు చూశాడు. ఆ రోజు చూసినట్టే. నాకు ముందుగా మాట తీసింది వాండా అని చెప్పాలని ఉంది. కాదు. క్లెల్.

"కాలిన గడ్డి మీద గీత గీసింది టేట్," అన్నాడు. టోపీ తల మీదే ఉంది. "బూడిద మీద గీశాడు. నేను చూశాను. నువ్వడిగితే చెప్పలేదు."

"నేనూ చూశాను," అంది వాండా.

"నేనూ."

"నేనూ చూశాను." అది నా గొంతే. నాకే కొత్తగా వినపడింది.

ఒకరి తర్వాత ఒకరు అన్నారు. టేట్ ఏదో అన్నాడు, ఎవరికీ వినపడలేదు. రాయిస్ జేబులోంచి పుస్తకం తియ్యలేదు. ఏమీ రాసుకోలేదు. నెట్టీ చేతుల్లోంచి డబ్బా తీసుకుని, ఆమెను కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, తలుపు వేశాడు. మేం కారుకి అడ్డం పడలేదు. మాకు ఆ ధైర్యం లేదు, నిజమే చెప్తున్నాను. అద్దం వెనకాల ఆమె వేళ్లకి పసుపు అంటి ఉంది. తుడుచుకోలేదు. మమ్మల్ని చూసి తల ఊపింది.

కారు వెళ్లిపోయింది. టేట్ ఫోను పట్టుకుని లోపలికి పోయాడు. ఇంకెవరినో పిలిపిస్తాడు. ఇంకెక్కడి నుంచో ఓనర్లు వస్తారు. మా మాట రేపు ఎవరైనా రాసుకుంటారో లేదో తెలియదు. నెట్టీని ఎప్పుడు వదులుతారో తెలియదు. ఓర్లిన్ వినడు.

క్లెల్ తన పికప్ దగ్గరికి వెళ్లి పార తెచ్చాడు. యూసెబియో కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు. తర్వాత వాండా వెళ్లింది. తర్వాత నేను.

గేటుకి అడ్డంగా, గీత పొడుగునా, ఇద్దరేసి ఎదురెదురుగా నిలబడి తవ్వాం. కంకర పోయింది. ఎర్రమట్టి వచ్చింది. చెకుముకి రాళ్లు వచ్చాయి. మోకాలి లోతు దాటింది, ఇక ఏ బండీ దాటలేనంత వెడల్పయింది.

అడుగున పైపు లేదని మాకందరికీ తెలుసు. కళ్లతో చూసేదాకా ఆపం అనుకుని తవ్వుతూనే ఉన్నాం.